రెండోది ఉంది కదా అంటే సరిపోదు

మా ఊరి మంచినీళ్ల ట్యాంకు కింద రెండు మోటార్లు ఉన్నాయి. ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుందని పెట్టినవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ రెండు మోటార్లకూ ఏమీ కాలేదు. షెడ్డు గోడ కూడా నిలిచింది. కానీ రెండింటికీ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. దానికి వచ్చే లైనూ ఒక్కటే. రెండు స్టార్టర్లూ ఒకే ఇనుప పెట్టెలో. లైను స్తంభాలు వరసగా నేల మీద పడ్డాయి. మంచి మోటార్లు రెండు పక్కన పెట్టుకుని, విరిగిన కొబ్బరి చెట్లు దాటుకుంటూ, చాలా రోజులు చేతి బోరింగు దగ్గర బిందెలతో వరస కట్టాం.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం పక్క ఊరు. నేను ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా తొమ్మిదేళ్లు పనిచేసి, ఆ తర్వాత విశాఖపట్నంలో ఓడల ఎలక్ట్రికల్ డిజైన్ పనిలోకి మారాను. తిత్లీ వచ్చినప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాను. బోరింగు వరసలో నా ముందు నిలబడ్డ చిన్నాన్న అడిగాడు: "ఏటిరా బావూ, రెండు మోటార్లున్నాయి కదా, మరి నీలెందుకు రావు?"

ఆయన ఎకసెక్కానికి అడగలేదు. ఓడల్లో కరెంటు పని చేసేవాడికి తెలిసే ఉంటుందని అడిగాడు. ఆ ప్రశ్నే నా వృత్తి అంతా. ఓడ కరెంటు నమ్మకంగా ఉండాలంటే ఎన్ని యంత్రాలు పెట్టామన్నది కాదు, ఆ యంత్రాలు తమలో తాము ఏమేం పంచుకుంటున్నాయన్నది ముందు చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. రెండోదాని ఊపిరి మొదటిదాని చేతిలో ఉంటే అది రెండోది కాదు.

నిజానికి ఈ సంగతి చిన్నాన్నకు నాకన్నా బాగా తెలుసు. ఆయన ఫైబర్ పడవకు ఒకటే ఇంజను. దానికి తోడుగా ఇంకో ఇంజను కొనలేదు, తెడ్లు పెట్టుకుంటాడు. ఇంజనుకు ఇంధనంగా పోసే ఆయిలులో నీళ్లు కలిస్తే రెండో ఇంజను కూడా ఆ ఆయిలే తాగుతుంది. తెడ్డుకు ఆయిలుతో పని లేదు. ఇంజను పాడుచేసే ఏదీ తెడ్డును పాడుచేయదు. ఓడలో జనరేటర్ల లెక్క వేసేటప్పుడు, డ్రాయింగు మీద ప్రతి యంత్రం పక్కనా నేను వేసుకునే ప్రశ్న ఇదే: దీనికి తెడ్డు ఏది?

ఓడకు బయటి నుంచి లైను రాదు. నడి సముద్రంలో తన కరెంటు తానే పుట్టించుకోవాలి. ప్రొపెల్లరును తిప్పే పెద్ద ఇంజను డీజిల్‌దే కదా, కరెంటు పోతే దానికేం అని చాలామంది అనుకుంటారు. ఆ ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపు, దానికి నూనె అందించే పంపు, ఇంధనం తోసే పంపు సాధారణంగా అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. చుక్కాని తిప్పే హైడ్రాలిక్ పంపులూ కరెంటువే. దీపాలు ఆరిన కొన్ని క్షణాలకు పెద్ద ఇంజను, తనలో ఏ లోపమూ లేకపోయినా, ఆగిపోతుంది. అప్పుడు వేల టన్నుల ఇనుము గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

అందుకే సోలాస్ అనే అంతర్జాతీయ భద్రతా ఒప్పందం కనీసం రెండు ప్రధాన జనరేటర్లు ఉండాలంటుంది. ఏ ఒక్కటి ఆగినా మిగిలినవి ఓడ మామూలుగా నడవడానికీ, భద్రతకూ సరిపోవాలి. ఇవి కాక ఎమర్జెన్సీ జనరేటరు వేరే. దాన్ని ఇంజను గదిలో పెట్టకూడదు. పైడెక్కు మీద, బయటి నుంచి నేరుగా వెళ్లగలిగే చోట ఉండాలి. వరద ఊళ్లో బియ్యం అటక మీద దాచినట్టు. దాని ఇంధనం ట్యాంకు వేరు, స్విచ్‌బోర్డు వేరు, స్టార్ట్ చేసే బ్యాటరీలు వేరు. ప్రధాన కరెంటు పోయిన 45 సెకన్లలోపు దానంతట అది లేచి లోడు అందుకోవాలి. సరుకు ఓడలో 18 గంటలు, ప్రయాణికుల ఓడలో 36 గంటలు నడిపే శక్తి ఉండాలి. ఓడ 22.5 డిగ్రీలు పక్కకు ఒరిగినా పనిచేయాలి. ఈ నిబంధన రాసినవాళ్లకు తెడ్డు సంగతి తెలుసు.

అయినా తెడ్డును విరిచే దారులు మనుషులకు దొరుకుతాయి. నాకు దొరికింది.

సముద్రంలో నా రెండో ఏడాది. బొగ్గు మోసే బల్క్ ఓడ. ప్రతి శనివారం ఎమర్జెన్సీ జనరేటరు పరీక్ష నా పని. సెలెక్టర్ స్విచ్ మాన్యువల్‌కు, అంటే చేత్తో నడిపే స్థితికి తిప్పి, స్టార్ట్ చేసి, పదిహేను నిమిషాలు తిప్పి, ఆపి, లాగ్‌బుక్‌లో బాగుందని రాశాను. స్విచ్ మళ్లీ ఆటోకు తిప్పడం మరచిపోయాను. నాలుగు రోజులకు సముద్రం గట్టిగా ఊపింది. తిరుగుతున్న రెండు జనరేటర్లూ ఇంజన్లకు నేరుగా ఇంధనం ఇచ్చే ఒకే సర్వీస్ ట్యాంకు నుంచి ఆయిలు తీసుకుంటున్నాయి. ఆ ట్యాంకు అడుగున పేరుకున్న నీళ్లు ఊపుకు కదిలి లైనులోకి వచ్చాయి. ముందు దీపాలు మసకబారి, వెలిగి, మళ్లీ మసకబారాయి. ఆ తర్వాత చీకటి. స్టాండ్‌బైలో ఉన్న మూడోది తనంతట తాను లేచింది, అదే నీళ్లు తాగి అదీ ఆగింది.

ఓడలో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. నిద్రలో కూడా అది ఒంట్లో ఉంటుంది. అది ఆగిపోయినప్పుడు వచ్చే నిశ్శబ్దాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. 45 సెకన్లు లెక్కపెట్టాను. పై నుంచి ఏ చప్పుడూ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. టార్చి పట్టుకుని ఐదు అంతస్తులు ఎక్కాను. స్విచ్ నేను వదిలిన చోటే ఉంది. చుట్టూ వందల మైళ్లు ఖాళీ సముద్రం ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

తప్పు నాది. ఇందులో వేరే మాట లేదు. కానీ డిజైన్ బల్ల దగ్గర కూర్చున్నాక అదే సంఘటనను ఇంకోలా చూడటం నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక స్విచ్ తిప్పడం మరిస్తే ఓడ ఆఖరి ఆశ పోయేలా ఎందుకు ఉండాలి? అది ఆటోలో లేదని కంట్రోల్ రూములో ఒక అలారం ఎందుకు మోగలేదు? మూడు జనరేటర్లకు ఒకే ట్యాంకు ఎందుకు? నేను చూసే ప్రతి డ్రాయింగులో ఇప్పుడు ఈ మూడు ప్రశ్నలూ ఉంటాయి. నా పై అధికారులు విసుక్కున్న రోజులున్నాయి. విసుక్కోనీ.

డాలి ఓడ సంగతి చదివినప్పుడు నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. 2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి ఆ కంటైనర్ ఓడ బయల్దేరింది. దాదాపు 300 మీటర్ల పొడవు. సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం వాళ్లే. ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనకు దగ్గరవుతుండగా దీపాలు ఆరాయి, వచ్చాయి, మళ్లీ ఆరాయి. నాలుగు నిమిషాల్లో ఓడ వెళ్లి వంతెన కాలును గుద్దింది. ఓడకు రేవులో దారి చూపే పైలట్ ముందే హెచ్చరించబట్టి పోలీసులు వాహనాలను ఆపగలిగారు. వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీలను మాత్రం దింపే సమయం లేకపోయింది. ఆరుగురు చనిపోయారు. అందరూ వేరే దేశాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లే. వలస కూలీ బతుకు ఏమిటో మా జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఓడలో నాలుగు జనరేటర్లు ఉన్నాయి. అంటే లెక్కకు లోటు లేదు. మొదటిసారి దీపాలు ఆరినప్పుడు జనరేటర్లు ఆగనే లేదు, 6,600 వోల్టుల కరెంటు పుడుతూనే ఉంది. దాన్ని 440కి దించే ట్రాన్స్‌ఫార్మర్ దారిలో బ్రేకర్లు, అంటే కరెంటు దారిని తెంచే పెద్ద స్విచ్‌లు, తెరుచుకున్నాయి. ఎందుకు తెరుచుకున్నాయో అమెరికా రవాణా భద్రతా బోర్డు 2025 నవంబరులో తేల్చింది: ఒక సిగ్నల్ తీగ వదులుగా ఉంది. తీగను గుర్తు పట్టడానికి దాని చివర తొడిగిన చిన్న పేరు పట్టీ అడ్డుపడి, తీగ టెర్మినల్లోకి పూర్తిగా దూరలేదు. పక్కనే రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మొదటిది పోతే దానికి మారే ఏర్పాటూ ఉంది. అది మాన్యువల్‌లో ఉంది. ఈ వాక్యం చదివినప్పుడు నా చెయ్యి వణికింది.

సిబ్బంది సుమారు నిమిషంలో బ్రేకర్లు చేత్తో వేసి కరెంటు తెచ్చారు. చీకట్లో, ఆ టెన్షన్‌లో, అది చాలా గొప్ప పని. కానీ ఈలోగా ఇంకోటి జరిగింది. తిరుగుతున్న జనరేటర్లకు ఇంధనం అందిస్తున్నది ఫ్లషింగ్ పంపు. అసలు ఆ పనికి పెట్టిన పంపు కాదది. కరెంటు పోయి వస్తే దానంతట అది మళ్లీ తిరగదు, ఎవరో వెళ్లి నొక్కాలి. ఇంధనం ఒత్తిడి పడిపోయి ఈసారి జనరేటర్లే ఆగాయి. అదే రెండో చీకటి. ఎన్ని జనరేటర్లు తిరుగుతున్నా వాటికి ఆయిలు తోసే పంపు ఒకటే అయితే, కరెంటు పోగానే అన్నీ కలిసి పోతాయి. మా ఊరి ఇనుప పెట్టె కథే ఇది.

నార్వే దగ్గర వైకింగ్ స్కై ఓడకు 2019 మార్చి 23న జరిగిందీ ఇలాంటిదే, కాకపోతే పంచుకున్నది తీగ కాదు, పంపూ కాదు. 1,373 మందితో వెళ్తున్న ప్రయాణికుల ఓడ. నాలుగు జనరేటర్లలో ఒకటి రిపేరులో ఉంది. మిగిలిన మూడింటి లూబ్రికేషన్ నూనె ఉండాల్సిన మట్టం కన్నా తక్కువ. తుపాను సముద్రంలో ఓడ ఊగేసరికి నూనె ఒక పక్కకు జరిగి పంపులకు అందలేదు. మూడూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఓడ రాళ్ల అంచు దాకా కొట్టుకుపోయింది, వందల మందిని హెలికాప్టర్లతో లేపారు. మూడు యంత్రాలకు మూడు నూనె గిన్నెలు వేరువేరుగానే ఉన్నాయి. పంచుకున్నది ఒక అలవాటు, ఒకే అల. ఇలాంటిది ఏ డ్రాయింగులోనూ గీతగా కనపడదు. డిజైన్ చేసేవాడు సముద్రం చూసి ఉండాలని నేను అందుకే పట్టుబడతాను.

పెద్ద జనరేటరు పెడితే భద్రం కదా అని కుర్ర ఇంజనీర్లు అడుగుతుంటారు. కాదు. డీజిల్ ఇంజను ఎప్పుడూ తక్కువ లోడు మీద తిరిగితే ఇంధనం సరిగా కాలదు, మసి పట్టి, టర్బోచార్జరు పాడై, అవసరమైన రోజున మొరాయిస్తుంది. అందుకే ప్రతి పంపు, ప్రతి ఫ్యాను, వంటగది పొయ్యి దాకా రాసుకుని, సముద్రంలో ఎంత, రేవులోకి వస్తున్నప్పుడు ఎంత, సరుకు దించేటప్పుడు ఎంత అని లోడు లెక్క కడతాం. విసుగు పుట్టించే పనే. నాకు మాత్రం అందులో ఓడ దినచర్య అంతా కనిపిస్తుంది.

ఓడ కరెంటుకూ ఇంటి కరెంటుకూ నీతిలోనే తేడా ఉంది. ఇంట్లో మోటారు వేడెక్కితే ఓవర్‌లోడ్ రిలే ఆపేస్తుంది, మోటారు బతుకుతుంది. ఓడలో చుక్కాని మోటారుకు ఆ సౌకర్యం ఇవ్వం. షార్ట్ సర్క్యూట్ అయితే తప్ప బ్రేకరు పడకూడదు. ఓవర్‌లోడ్ వస్తే అలారం మోగుతుంది, అంతే. మోటారు కాలిపోతే కాలిపోనీ, ఆ ఐదు నిమిషాలు చుక్కాని తిరిగితే ఓడ ఒడ్డు తప్పించుకుంటుంది. అలాగే మామూలు 440 వోల్టుల ఓడల్లో న్యూట్రల్‌ను ఓడ ఒంటికి కలపం. ఒక ఫేజు ఎక్కడో ఉక్కుకు తగిలినా ఏదీ ఆగదు. స్విచ్‌బోర్డు మీద మూడు చిన్న దీపాలుంటాయి, తగిలిన ఫేజు దీపం మసకబారుతుంది, మిగతా రెండూ ఎక్కువ వెలుగుతాయి. ఎక్కువసార్లు వంటగదిలో తడిసిన పొయ్యే కారణం. ఆ మసక దీపాన్ని రేపు చూద్దాంలే అని వదిలేస్తే, ఇంకో ఫేజు ఇంకోచోట తగిలిన రోజున అది షార్ట్ సర్క్యూట్. మొదటి తప్పును క్షమించే డిజైన్ ఇది. ఆ క్షమను వాడుకుని తప్పును వెతికి సరిచేసే మనిషి కావాలి.

నా మాటకు ఎదురుగా వచ్చే వాదన డబ్బు. అన్నిటినీ విడివిడిగా పెడితే ఖర్చు, బరువు, చోటు. అది నిజమే. ఇంకో వాదన కూడా ఉంది, అది ఇంకా బలమైనది. స్విచ్‌బోర్డును రెండు సగాలు చేసి మధ్యలో బ్రేకరు పెడతాం. దాన్ని తెరిచి ఉంచితే రెండు సగాలూ విడిపోయి, దేని జనరేటరు దానిది, ఆయిలు ఖర్చు ఎక్కువ. మూసి ఉంచితే రెండు సగాలూ కలిసి తక్కువ జనరేటర్లతో నడుస్తాయి, ఒకటి ఆగినా రెండోది పట్టుకుంటుంది, తెరిచి ఉంచడమే ప్రమాదం అంటారు. ఈ వాదన చేసేవాళ్లు అనుభవజ్ఞులు, నేను కొట్టిపారేయను.

కానీ ఒకటే కాడికి కట్టిన ఎద్దుల జతను తలుచుకోండి. ఒక ఎద్దు కూలబడితే రెండోది కాసేపు లాగుతుంది. ఒక ఎద్దు బెదిరి పరుగెత్తితే? మంచి ఎద్దునూ ఈడ్చుకుపోతుంది. ఒక జనరేటరులో ఇంధనాన్ని అదుపు చేసే గవర్నరు అనే భాగం చెడిపోయి ఇంధనం పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుంటే, లోడంతా అదే లాక్కుంటుంది. పక్కనున్న మంచి జనరేటరు, ఇవ్వడం పోయి, తానే కరెంటు తీసుకునే స్థితికి వస్తుంది. దాని రివర్స్ పవర్ రిలే పనిచేసి బ్రేకరు తెరుస్తుంది. అంటే బయటికి పోయింది మంచిది, మిగిలింది చెడ్డది. కాసేపటికి అదీ పోతుంది. ఏ జనరేటరు జబ్బుపడిందో పట్టుకుని దాన్నే విడదీసే రక్షణ ఉండి, అది పనిచేస్తుందని నిజంగా ఆ లోపం కల్పించి చూపిస్తే, మూసి ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. కాగితం మీద చూపిస్తే మాత్రం ఒప్పుకోను.

నిజంగా ఆర్పి చూడటమే అందరూ తప్పించుకునే పని. కెప్టెన్‌కు భయం, చీఫ్ ఇంజనీరుకు భయం, కంపెనీకి ఆలస్యం. జనరేటరు ఒట్టిగా తిప్పి బాగుందని రాయడం సులువు, నేనూ రాశాను. లోడు మీద ఉన్న ఓడను మంచి వాతావరణంలో, విశాలమైన సముద్రంలో, అందరికీ ముందే చెప్పి, చీకటి చేసి చూడాలి. ఏ పంపు తిరిగి లేచింది, ఏది లేవలేదు, ఎన్ని సెకన్లు పట్టింది అని రాసుకోవాలి. ఫ్లషింగ్ పంపు లేవదన్న సంగతి అలాంటి పగటి పూట తెలిస్తే ఒక లాగ్‌బుక్ వాక్యం అయ్యేది.

ఈ మధ్య మా ఊళ్లో ట్యాంకు గురించి మళ్లీ మాట వచ్చింది. మూడో మోటారు పెడదామన్నారు. నేను రచ్చబండ దగ్గర నిలబడి వద్దన్నాను. ఆ డబ్బుతో లైను, జనరేటరు రెండింట్లో ఒక్కదానికే మోటార్లను కలిపే ఒక చేంజోవర్ స్విచ్ పెట్టించి, తుపాను మాట వినగానే తెచ్చుకునేలా ఒక అద్దె జనరేటరు మాట్లాడి పెట్టుకుందాం అన్నాను. స్విచ్ ఎందుకు, తీగలు తగిలిస్తే చాలదా అని ఒకరన్నారు. లైను నుంచి విడదీయకుండా జనరేటరు తగిలిస్తే ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది, స్తంభం ఎక్కి పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఇది చెప్పాక ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

స్విచ్ పెట్టాక, అక్టోబరు రాకముందే సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున్న, కరెంటు ఉండగానే మెయిన్ ఆపించాను. మంచి కరెంటు ఆపడమేటని ఆడవాళ్లు కోప్పడ్డారు. ట్రాక్టరు ట్రాలీ మీద జనరేటరు వచ్చింది. స్టార్ట్ అయింది. స్విచ్ తిప్పాం. మోటారు తిరుగుతున్న చప్పుడు బాగానే ఉంది. ట్యాంకులోకి మాత్రం చుక్క ఎక్కలేదు.

మోటారు వెనక్కి తిరుగుతోంది. జనరేటరు ఫేజుల వరస మా లైను వరసకు తిరగబడి ఉంది. రేవులో ఒడ్డు కరెంటు తీసుకునే ముందు ఓడలో మొట్టమొదట చూసేది ఇదే, అయినా ఇక్కడ నాకు తట్టలేదు. జనరేటరు ఆపి, రెండు తీగలు అటుదిటు మార్చాం. ఈసారి గొట్టంలో నీళ్లు ఎక్కుతున్న గరగర వినిపించింది. చిన్నాన్న గొట్టం మీద చెయ్యేసి, "తుపానులో అయితే ఈ తీగ సంగతి ఎవుడికి తెలుసును?" అన్నాడు.

లైన్‌మన్ తీగల చివర్లకు ఎరుపు, పసుపు, నీలం టేపులు చుట్టాడు. టేపు టెర్మినల్ లోపలికి పోకుండా కాస్త వెనక్కి చుట్టమన్నాను. ఎందుకని అడిగాడు. ట్యాంకు నీడలో కూర్చుని బాల్టిమోర్ సంగతి చెప్పాను.